కంటిలోపలి వాపుకి మెథోట్రెక్సేట్ రాశారు, వాడొచ్చా? నా అనుభవం

మీ చెల్లికి 26 ఏళ్లు, పెళ్లయి ఏడాది అన్నారు. రెండు కళ్లలో యువియైటిస్ వచ్చింది, ఇన్‌ఫెక్షన్ కాదని పరీక్షల్లో తేలింది, ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ మాత్రలతో చూపు కాస్త కుదుటపడింది. ఇప్పుడు డాక్టరు మెథోట్రెక్సేట్ రాస్తే, అది క్యాన్సర్ మందని ఫోన్‌లో చూసి ఇంట్లోవాళ్లు వద్దంటున్నారు. మీ ప్రశ్న చదువుతుంటే ఐదేళ్ల కిందటి మా ఇల్లే కళ్ల ముందు కనిపించింది. నేను డాక్టర్ని కాను, విశాఖలో గోపాలపట్నం దగ్గర లెక్కల టీచర్ని. కానీ ఈ మందులన్నీ వాడినదాన్ని.

అన్నిటికన్నా ముందు ఒక సంగతి. మీ చెల్లి పిల్లల కోసం చూస్తుంటే, మొదటి మాత్ర వేసుకోకముందే డాక్టరుకి చెప్పమనండి. మెథోట్రెక్సేట్ కడుపులో బిడ్డకి హాని చేస్తుంది, గర్భం అనుకుంటే కొన్ని నెలల ముందే ఆపేయాలి. మైకోఫెనొలేట్ అనే ఇంకో మందుకీ ఇదే వర్తిస్తుంది. అలాంటప్పుడు అజాథయోప్రిన్ లాంటి వేరే దారి చూస్తారు. అత్తగారి ముందు చెప్పడానికి మొహమాటపడి చాలామంది ఆడపిల్లలు ఈ మాట దాచేస్తారు. మీరు పక్కన ఉండి చెప్పించండి.

ఇక నా సంగతి. వారం రోజులు తలనొప్పి, చెవుల్లో హోరు. దగ్గర్లోని ఒక క్లినిక్‌లో మైగ్రేన్ అని మాత్రలిచ్చారు. ఒకరోజు క్లాసులో బోర్డు మీద సమీకరణం రాసి వెనక్కి జరిగి చూస్తే, సమాన గుర్తులోని రెండు గీతలూ మధ్యలో కుంగినట్టు వంగి కనిపించాయి. తుడిచి మళ్లీ రాశాను. మళ్లీ అంతే. 'సరిగ్గానే ఉంది మేడం' అన్నారు పిల్లలు. ఆ సాయంత్రమే కంటి ఆసుపత్రికి పరిగెత్తాం.

స్కాన్‌లో రెండు కళ్లకీ రెటీనా కింద నీరు చేరిందని తెలిసింది. జబ్బు పేరు వీకేహెచ్ (వోగ్ట్-కొయనాగి-హరాడా), యువియైటిస్‌లో ఒక రకం. ఒంట్లో రంగునిచ్చే కణాల మీద మన రోగనిరోధక శక్తే దాడి చేస్తుంది. అందుకే కంటితో పాటు చెవి, చర్మం, జుట్టు కూడా దెబ్బతింటాయి. నా ఎడమ కంటి రెప్ప వెంట్రుకలు కొన్ని ఇప్పటికీ తెల్లగానే ఉన్నాయి. మందు మొదలుపెట్టే ముందు ఛాతీ ఎక్స్‌రే, మాంటూ పరీక్ష, సిఫిలిస్ పరీక్ష చేయించారు. దగ్గు కూడా లేదు కదా, టీబీ పరీక్ష ఎందుకని అడిగాను. స్టెరాయిడ్ రోగనిరోధక శక్తిని అణుస్తుంది, లోపల టీబీ దాగి ఉంటే పైకి లేస్తుంది అన్నారు.

చుక్కల మందు కంటి వెనక భాగానికి సరిగ్గా అందదు. అందుకని మూడు రోజులు రోజుకి 1 గ్రాము మిథైల్ ప్రెడ్నిసోలోన్ సెలైన్‌లో ఎక్కించి, తర్వాత కిలో బరువుకి 1 మి.గ్రా. లెక్కన మాత్రలిచ్చారు. రెండు వారాల్లో సమాన గుర్తు మళ్లీ తిన్నగా కనిపించింది. ఆ సంతోషం మాటల్లో చెప్పలేను.

కానీ రెండు నెలలు తిరిగేసరికి మొహం గుండ్రమైంది, షుగర్ పెరిగింది, రాత్రి నిద్ర లేదు. 'ఏటే, మొహం ఇలా ఉబ్బిపోయింది?' అని మా అమ్మ ఏడ్చేసింది. మా మరిది పెళ్లి దగ్గరపడింది. ఎవరికీ చెప్పకుండా మాత్రలు మానేశాను. పన్నెండో రోజుకల్లా చూపు మళ్లీ మసకబారింది, మంచం మీద నుంచి లేవలేనంత నీరసం. ఎక్కువ రోజులు స్టెరాయిడ్ వాడితే శరీరం తన సొంత కార్టిసాల్ తయారు చేసుకోవడం తగ్గించేస్తుందట. ఒక్కసారిగా ఆపితే ప్రమాదం అందుకే. దయచేసి మీ ఇంట్లో ఎవరినీ ఆ పని చేయనివ్వకండి.

మెథోట్రెక్సేట్ ఇస్తున్నదే ఆ స్టెరాయిడ్‌ని నెమ్మదిగా తగ్గించడానికి. అది పూర్తిగా పనిచేయడానికి వారాలు, నెలలు పడుతుంది, అప్పటిదాకా స్టెరాయిడ్ కాపు కాస్తుంది. క్యాన్సర్‌కి వాడే మాట నిజమే, కానీ అక్కడ మోతాదులు చాలా పెద్దవి. ఈ చిన్న మోతాదులో కీళ్లవాతానికి ఎంతోమంది ఏళ్ల తరబడి వాడుతున్నారు. ఇంకో విషయం తెలిసి నాకు కొండంత ధైర్యం వచ్చింది. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వంలో, అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో తయారైన మందు ఇది. దీనితో పాటు ఇచ్చే ఫోలిక్ యాసిడ్‌ని ప్రయోగశాలలో తయారు చేసిందీ ఆయన బృందమే.

2019లో వెలువడిన ఒక అధ్యయనంలో, మన దేశంలోని అరవింద్ కంటి ఆసుపత్రుల వాళ్లతో కలిపి 216 మంది యువియైటిస్ రోగుల్లో కొందరికి మెథోట్రెక్సేట్, కొందరికి మైకోఫెనొలేట్ ఇచ్చి పోల్చి చూశారు. మెథోట్రెక్సేట్ వాడినవాళ్లలో దాదాపు మూడింట రెండొంతుల మందికి ఆరు నెలలకి, స్టెరాయిడ్ తగ్గించినా వాపు అదుపులో ఉంది. ఖరీదైన మైకోఫెనొలేట్ అంతకన్నా మెరుగని తేలలేదు.

భయపడాల్సింది ఒక్కచోట. ఇది వారానికి ఒక్కసారే వేసుకోవాలి. నాకు వారానికి 15 మి.గ్రా., అంటే 2.5 మి.గ్రా. మాత్రలు ఆరు, ఒకే రోజు. చీటీలో స్పష్టంగానే రాశారు. అయినా మందుల షాపు అబ్బాయి కవరు మీద 'రోజూ 1' అని రాసిచ్చాడు. ఆసుపత్రిలో నర్సమ్మ నాతో మూడుసార్లు చెప్పించబట్టి పట్టుకున్నాను. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికే వస్తుంది. నేను శనివారం రాత్రి భోజనం తర్వాత వేసుకుంటాను, ఆదివారం వికారంగా ఉన్నా బడి ఉండదు కాబట్టి. వంటింటి క్యాలెండర్‌లో శనివారాలన్నిటికీ సున్నా చుట్టి, మాత్రలు మింగాక టిక్కు పెడతాను. ఫోలిక్ యాసిడ్ ఆ రోజు తప్ప మిగతా రోజుల్లో.

మొదట్లో నెలనెలా, తర్వాత రెండు మూడు నెలలకోసారి లివర్ పరీక్ష, రక్తకణాల పరీక్ష తప్పనిసరి. నోటిపూత, జ్వరం, ఆయాసం వస్తే ఆ వారం మాత్ర వేసుకోకుండా డాక్టరుకి ఫోన్ చేయాలి. ఏ జబ్బుకి వేరే డాక్టరు దగ్గరికెళ్లినా ఈ మందు వాడుతున్నట్టు చెప్పాలి. ఇన్‌ఫెక్షన్లకి ఇచ్చే సెప్ట్రాన్ లాంటి మాత్రలు దీనితో కలిస్తే రక్తకణాలు పడిపోతాయి.

దీనికి లొంగకపోతే అడాలిముమాబ్ ఇంజెక్షన్లున్నాయి, రెండు వారాలకోసారి చర్మం కింద ఇస్తారు. 2014 నుంచి మన దేశంలోనే తయారవుతోంది, అయినా ఖర్చు వేలల్లో ఉంటుంది. దానికి ముందు టీబీ పరీక్ష మరీ గట్టిగా చూస్తారు. కంటిలోపలే పెట్టే స్టెరాయిడ్ ఇంప్లాంట్ కూడా ఉంది, దానివల్ల శుక్లం, కంటి ప్రెషర్ పెరగడం ఉంటాయి. నాకు ఈ రెండూ అవసరం రాలేదు.

రెండో అభిప్రాయం కావాలంటే విశాఖ హనుమంతవాకలో ఎల్.వి. ప్రసాద్ వాళ్ల కంటి ఆసుపత్రి ఉంది, వాల్తేరులో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది. పాత స్కాన్లు, రక్త పరీక్షలు అన్నీ తేదీల వరసలో పట్టుకెళ్లండి.

మీ చెల్లి ప్రెడ్నిసోలోన్ ఇప్పుడు ఎంత వేసుకుంటోందో, ఏ వారం ఎంత తగ్గించమన్నారో రాయలేదు. ఆ తగ్గించే లెక్క కాగితం మీద లేకపోతే, రేపే వెళ్లి రాయించుకుని రండి.