గాలి ట్యాంకులో నీళ్లు నిలవనివ్వకు

చిరంజీవి అబ్బాయికి, పెదనాన్న ఆశీస్సులు.

ఆకివీడు నుంచి చేపల లోడ్లు మొదలుపెట్టావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. ఇంజను సంగతి నీకు బాగా తెలుసు. బ్రేకుల గురించి మాత్రం చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

గాలి ఒత్తిడితో పనిచేసే ఎయిర్ బ్రేకుకి నీళ్లే శత్రువు. మన డెల్టాలో గాలిలోనే తేమ ఎక్కువ. కంప్రెసర్ నొక్కి పంపిన వేడిగాలి ట్యాంకులో చల్లారేసరికి ఆ తేమంతా నీరై అడుగున చేరుతుంది. ట్యాంకు తుప్పు పడుతుంది, వాల్వులు పట్టేస్తాయి. అందుకని రోజూ బండి ఆపాక, చక్రాలకి అడ్డు పెట్టి, ట్యాంకుల కింద ఉన్న, నీళ్లు వదిలే రింగులు లాగు. ఒక్కటి లాగి ఊరుకోకు, అన్నీ లాగాలి. బుస్సుమనగానే వదిలెయ్యకుండా పొడిగాలి వచ్చేదాకా పట్టుకో. కింద పాత తెల్లగుడ్డ పట్టి చూడు. రోజూ నీళ్లు బాగా పడుతుంటే గాలిలో తేమ పీల్చే ఎయిర్ డ్రయ్యర్ కార్ట్రిడ్జి అయిపోయినట్టే. జిడ్డుగా, మజ్జిగలా తెల్లగా వస్తే కంప్రెసర్ నూనె తోస్తోందన్నమాట. ముందు దాన్ని బాగు చేయించు. అది వదిలేసి కొత్త కార్ట్రిడ్జి వేస్తే అదీ పాడైపోతుంది.

నీ బండికి ఇంకో బెడద ఉంది. ఐసు నీళ్లు రాత్రంతా కిందికి కారుతూనే ఉంటాయి. రొయ్యల లోడైతే అందులో ఉప్పు కూడా. చక్రాల దగ్గర గాలితో బ్రేకుని నొక్కే బూస్టర్లు, పైపుల జాయింట్లు, పిన్నులు తినేస్తుంది. లోడు దించాక అడుగుభాగం మంచినీళ్లతో కడిగించి, బ్రేకు వదులు సరిచేసే స్లాక్ అడ్జస్టర్లకి గ్రీజు కొట్టించు. ఆ ఖర్చుకి వెనకాడకు.

లీకు చూడ్డం తేలికే. చదునైన చోట చక్రాలకి అడ్డుపెట్టి, గాలి నిండాక ఇంజను ఆపి, హ్యాండ్ బ్రేకు వదిలి, పెడల్ గట్టిగా తొక్కి ఒక నిమిషం పట్టుకో. గేజీ ముల్లు మొదట కాస్త దిగి ఆగిపోవాలి. ఆగకుండా దిగుతుంటే క్లీనరుని సబ్బునీళ్లతో జాయింట్లు తడపమను, బుడగలు వచ్చిన చోటే లీకు. నైలాన్ పైపు ఛాసిస్‌కి రాసుకునే చోట్లు ముందు చూడండి.

బ్రేకు లైనర్లు అరిగేకొద్దీ బూస్టర్ రాడ్డు ఎక్కువ దూరం వస్తుంది. రెండు పక్కలా సమానంగా వస్తోందో లేదో చూడు. ముందు చక్రాల్లో ఒకటే పట్టిందంటే, మన కాలవగట్టు రోడ్ల మీద లోడు బండి ఎటు లాగుతుందో నీకు చెప్పక్కర్లేదు. ఆటోమేటిక్ అడ్జస్టర్ అయితే మాటిమాటికీ స్పానర్ వెయ్యకు. అది వదులవుతోందంటే లోపం ఇంకెక్కడో ఉంది, మెకానిక్‌కి చూపించు.

గాలి తక్కువైందని చెప్పే బజర్ మోగుతుంటే బండి కదపకు. నడుస్తుండగా మోగితే వెంటనే పక్కకి తీసి ఆపెయ్యి. గాలి మరీ తగ్గితే వెనక స్ప్రింగ్ బ్రేకు తనంతట తానే పట్టేస్తుంది, గోదావరి మీద సిద్ధాంతం వంతెన మధ్యలో నిలబడిపోతావు.

ఆ స్ప్రింగు ఉన్న బూస్టర్‌ని మాత్రం నువ్వు విప్పకు, క్లీనరుని విప్పనివ్వకు. లోపల స్ప్రింగు ప్రాణం తీసేంత బలంగా నొక్కిపెట్టి ఉంటుంది. పాడైతే మొత్తం బూస్టర్ మార్పించెయ్యి.