33 ఏళ్లకు నర్సింగ్‌లో చేరొచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు. ఇంటర్ సీఈసీ, ఆ తర్వాత బీకాం చదివి, మిర్చి యార్డు దగ్గర ఒక కమిషన్ కొట్లో లెక్కలు రాస్తున్నాను. నిరుడు మా మామగారికి పక్షవాతం వస్తే ఆస్పత్రిలో దగ్గరుండి అన్నీ నేనే చూసుకున్నాను. అప్పట్నుంచి నర్సు అవ్వాలని ఒకటే ధ్యాస. మా ఆయనేమో ‘ఇంటర్ పిల్లల పక్కన కూర్చుంటావా’ అంటున్నారు. బాబు నాలుగో తరగతి. తెలిసినాయన ఒకరు ఆరు నెలల నర్సింగ్ కోర్సు ఉంది, చేరితే వెంటనే ఉద్యోగం అంటున్నారు. ఏం చేయమంటారు మేడమ్?

జవాబు: ముందు ఆ ఆరు నెలల కోర్సుకి ఒక్క రూపాయి కూడా కట్టకండమ్మా. దాంతో ఇళ్లలో పెద్దవాళ్లను చూసుకునే పని దొరకొచ్చు, అది గౌరవమైన పనే, కానీ రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ రాదు, అది లేనిదే స్టాఫ్ నర్సు కాలేరు.

బీఎస్సీ నర్సింగ్‌కి బైపీసీ కావాలి కాబట్టి అది వదిలేయండి. మీ దారి జీఎన్ఎం, అంటే జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ డిప్లొమా. మూడేళ్ల కోర్సు, ఇంగ్లీషుతో ఇంటర్ ఏ గ్రూపైనా సరే, 40 శాతం మార్కులుండాలి. వయసు మాత్రం 35 దాటకూడదు, అంటే మీకు ఆలోచించుకోవడానికి పెద్దగా టైం లేదు. పూర్తయ్యాక కావాలంటే, జీఎన్ఎం చేసినవాళ్ల కోసం ఉన్న రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ చేయొచ్చు. మంగళగిరి ఎయిమ్స్ పక్కనే ఉందిగా అన్న ఆశతో మాత్రం చేరకండి, అక్కడి నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకు రాయాల్సిన నార్సెట్ అనే పరీక్షకి వయోపరిమితి 30, రిజర్వేషన్ వాళ్లకు కొంత సడలింపు ఉన్నా మీరు చదువు ముగించేసరికి అదీ దాటిపోతుంది. ప్రైవేటు ఆస్పత్రుల్లో మొదటి జీతం ఎంతో, మీకు తెలిసిన సిస్టర్లని అడిగి తెలుసుకోండి, ఇప్పటి మీ జీతంతో పోల్చుకోండి.

మామగారికి సేవ చేయడం వేరు, వార్డు వేరు. అక్కడ మంచం పట్టిన మనిషిని రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి, తిప్పినప్పుడల్లా నడుం కింద, మడమల దగ్గర చర్మం ఎర్రబడిందేమో చూడాలి, ఎంత తాగారు, ఎంత మూత్రం పోశారు రాయాలి, ఈలోగా పక్క మంచం వాళ్లు సెలైన్ అయిపోయిందని పిలుస్తుంటారు. ఇదంతా విన్నాక కూడా మీకు చేయాలనే అనిపిస్తే చేరండి, నాకు చాలా సంతోషం. పిల్లాణ్ణి పెంచి, పెద్దాయన్ని చూసుకున్న మనిషితో పేషెంట్ల ఇంటివాళ్లు మనసు విప్పి మాట్లాడతారు, 18 ఏళ్ల పిల్లలకి అది అంత త్వరగా రాదు. మీకు కష్టమయ్యేది అనాటమీ, ఫిజియాలజీ, అదీ ఇంగ్లీషులో. ఇప్పట్నుంచే ఇంటర్ జువాలజీ పుస్తకం తెచ్చుకుని రోజూ కాస్త చదవండి.

కొట్టు ఉద్యోగం చేస్తూ చదువుదామంటే కుదరదు. క్లాసులకు 80 శాతం హాజరుండాలి, ప్రాక్టికల్స్‌కైతే నూటికి నూరు, అందులో నైట్ డ్యూటీలూ ఉంటాయి. మీవారితో మాట్లాడాల్సింది దీని గురించి, పిల్లల పక్కన కూర్చోవడం గురించి కాదు: మీరు రాత్రి డ్యూటీలో ఉంటే బాబు దగ్గర ఎవరుంటారు, మూడేళ్లు మీ జీతం లేకుండా ఇల్లెలా గడుస్తుంది?

కాలేజీకి కౌన్సిల్ గుర్తింపు ఈ ఏడాదికి ఉందో లేదో చూడండి. ఫీజు కట్టేముందు వాళ్లు విద్యార్థుల్ని పంపే ఆస్పత్రికి వెళ్లి, సెకండియర్ అమ్మాయిల్ని పక్కకి పిలిచి అడగండి, నిజంగా వార్డులో పని నేర్పిస్తున్నారా, ఒరిజినల్ సర్టిఫికెట్లు అడిగితే తిరిగి ఇస్తున్నారా అని.