తెలియనిది సున్నా కాదు, అమ్మలూ

అమ్మలూ,

సీ ప్రోగ్రాములు ఎంత స్టాక్ (ఫంక్షన్లు నడిచేటప్పుడు వాడుకునే తాత్కాలిక మెమరీ) తింటాయో లెక్కగట్టే కమాండ్ లైన్ టూల్ రాస్తున్నావట. మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. మురిసిపోయాను, వెంటనే టెన్షన్ కూడా పట్టుకుంది.

తేలికవి నీకు తెలిసినవే. జీసీసీ కంపైలర్‌కి స్టాక్-యూసేజ్ ఫ్లాగ్ పెడితే ఒక్కో ఫంక్షన్ ఫ్రేమ్ సైజు, అంటే అది తినే స్టాక్, ఎస్‌యూ అనే ఫైల్లో పడుతుంది. ఎవరు ఎవర్ని పిలుస్తున్నారో జీసీసీ 10 నుంచి కాల్‌గ్రాఫ్-ఇన్ఫో ఫ్లాగ్ చెబుతుంది. రెండూ కలిపి అన్నిటికన్నా బరువైన దారి వెతకడమే. రిలీజ్ బిల్డ్ మీదే నడుపు, ఒక ఫంక్షన్‌ని కంపైలర్ ఇంకోదాంట్లో కలిపేసే ఇన్‌లైనింగ్‌తో అంకెలు మారిపోతాయి.

ఇక అసలు సంగతి. బెంగళూరు పీణ్యలో నేను పనిచేసిన ఒక కంపెనీలో మోటార్ కంట్రోలర్ బోర్డుకి మా సీనియర్ ఒకాయన ఇలాంటి స్క్రిప్టే రాశాడు. స్టాక్‌లో బోలెడు మిగులుందని చూపించింది. అందరం నమ్మేశాం. ఫంక్షన్ పాయింటర్ ద్వారా, అంటే పేరుతో కాకుండా అడ్రస్‌తో, జరిగే పిలుపులు ఆ స్క్రిప్టుకి కనబడవు. కనబడనివాటిని అది సున్నా కింద కలిపేసింది! ఆ పాయింటర్ వెనక ఫాల్ట్ హ్యాండ్లర్ (లోపం వస్తే నడిచే ఫంక్షన్), దాంట్లో పెద్ద లోకల్ బఫర్, పైగా స్టాక్ బాగా తినే స్ప్రింట్‌ఎఫ్. స్టాక్ కిందికి దిగి గ్లోబల్ వేరియబుల్స్ మీదెక్కింది. ఆ చిప్‌లో మెమరీ ప్రొటెక్షన్ లేదు కాబట్టి క్రాష్ కూడా కాలేదు, మోటార్ వేగం మాత్రం దానంతటదే మారేది. పవర్ సప్లై మార్చారు, కెపాసిటర్లు అమ్మినవాడిని తిట్టారు. స్టాక్ వైపు ఎవరూ చూడలేదు. లెక్క తేలిపోయిందిగా మరి!

అందుకే ఫంక్షన్ పాయింటర్, రికర్షన్ (తనని తానే పిలుచుకునే ఫంక్షన్), ఎస్‌యూలో డైనమిక్ అని (సైజు నడిచేటప్పుడే తేలేవి) పడ్డవి, ఎస్‌యూ ఫైలే లేని లైబ్రరీ ఫంక్షన్లు ఎదురైతే నీ టూల్ "తెలియదు" అని పేరుపేరునా చెప్పాలి. ఎర్రర్ కోడ్‌తో బయటికొచ్చి బిల్డ్ ఆపేయాలి. జనం విసుక్కుంటారు, విసుక్కోనీ. నడుస్తున్న పనిని మధ్యలో ఆపేసే ఇంటరప్టులు మర్చిపోయావో, చెవి మెలేస్తాను: కార్టెక్స్-ఎం చిప్పుల్లో ఇంటరప్ట్ రాగానే హార్డ్‌వేరే స్టాక్ మీదికి 32 బైట్లు తోస్తుంది, ఫ్లోటింగ్ పాయింట్ వాడుతుంటే 104. ఏ ఎస్‌యూ ఫైల్లోనూ అవి ఉండవు.

రాత్రి రెండింటిదాకా కూర్చోకు తల్లీ. పీజీలో తిండి బాగోకపోతే మల్లేశ్వరం వచ్చెయ్, అత్తయ్య ఎదురుచూస్తోంది.

చివర్లో బోర్డు మీద స్టాక్ అంతా ఒకే విలువతో నింపి, నడిపాక ఎంత చెరిగిందో చూడు. నీ లెక్కకన్నా ఎక్కువ చెరిగితే టూల్ తప్పు. తక్కువైతే మాత్రం రైటని సంబరపడకు, ఆ బరువైన దారి ఆ రోజు నడవకపోయి ఉండొచ్చు. బోర్డు లేకపోతే నాది తీసుకెళ్లు.

మావయ్య