పాత మిల్లింగ్ మెషీన్‌కి అదే స్విచ్ కోసం తిరగకండి

మీ షెడ్‌లో పాత మిల్లింగ్ మెషీన్ ఉంది, స్విచ్ తిప్పితే ఒక్కోసారి మోటార్ మూలుగుతుంది గానీ తిరగదు, అదే మోడల్ రోటరీ స్విచ్ హైదరాబాద్‌లో ఎక్కడ దొరుకుతుంది అని అడిగారు. ఎక్కడ దొరుకుతుందనేది తర్వాత. ముందు ఆ మెషీన్‌ని ఆన్ చేయడం ఆపండి.

మూలుగుతుందంటే మూడు ఫేజుల్లో ఒకటి మోటార్‌కి అందడం లేదు. ఆగి ఉన్న మోటార్ మిగతా రెండు ఫేజుల మీద కదలదు, కరెంట్ మాత్రం విపరీతంగా లాగుతుంది. ఫ్యూజ్ పోయి ఉంటే ప్రతిసారీ మూలుగుతుంది. ఒక్కోసారి మాత్రమే అంటే అది స్విచ్చే, పందెం కాస్తాను. కొంతమంది కట్టర్‌ని చేత్తో ఒక తోపు తోసి స్టార్ట్ చేస్తారు. అలాంటి ధైర్యవంతుల వేళ్లు ఎన్ని మిగిలాయో లెక్కపెట్టి చూడండి.

ఇక అసలు విషయం. బాలానగర్‌లో మాది చిన్న జాబ్‌వర్క్ షాప్. ప్రాగా మిల్లింగ్ ఒకటి ఉంది. 1943లో మొదలైన మన సికింద్రాబాద్ కంపెనీ సరుకు. దాన్ని సెకండ్ హ్యాండ్‌లో తెచ్చినప్పుడు పక్కన ఇనప డబ్బాలో మీరు చెప్పిన రకం స్విచ్చే ఉండేది. నల్లటి హ్యాండిల్, ఒక పక్కకి తిప్పితే ఫార్వర్డ్, ఇంకో పక్కకి రివర్స్, మధ్యలో ఆఫ్. బాగానే పనిచేసేది.

ఎండాకాలం మధ్యాహ్నం ఒకరోజు షాఫ్ట్‌కి కీవే, అంటే కీ కూర్చునే గాడి, కొడుతుండగా కరెంట్ పోయింది. ఫ్యాన్లు ఆగాయి, గల్లీలో ప్రెస్సుల చప్పుడు ఆగింది. మా కుర్రాడు ఖాళీగా ఉండే రకం కాదు. ఎలాగూ ఆగింది కదా అని బ్రష్ తీసుకుని కట్టర్ పక్కన పేరుకున్న చిప్స్, అదే ఇనప తునకలు, ఊడ్చడం మొదలుపెట్టాడు. స్విచ్ హ్యాండిల్ ఫార్వర్డ్‌లోనే ఉంది. కరెంట్ వచ్చింది. కట్టర్ బ్రష్‌ని లాక్కుంది. కర్ర పిడి రెండు ముక్కలై ఒకటి వెళ్లి గోడకి కొట్టుకుంది, కుచ్చు కట్టర్ బిగించే ఆర్బర్‌కి చుట్టుకుని తిరుగుతూనే ఉంది. వాడు మెషీన్ ఆపలేదు, తన చేతిని చూసుకుంటూ నిలబడ్డాడు. వేళ్లు ముడుస్తాడు, తెరుస్తాడు, మళ్లీ ముడుస్తాడు. నేను పరుగున వెళ్లి ఆఫ్ చేశాను. చర్మం కూడా గీసుకుపోలేదు. ఆ పూట ఇంకెవరికీ పని మీద మనసు పోలేదు.

సాయంత్రం మా ఎలక్ట్రీషియన్ భాయ్ వచ్చాడు. స్విచ్ పాడైందేమో చూడమన్నాను. తిప్పి చూసి నవ్వాడు. "స్విచ్‌ది ఏం తప్పు లేదు సేట్, మీరు ఆన్‌ల పెట్టిన్రు, అది ఆన్‌లనే ఉంది" అన్నాడు.

అందుకే చెబుతున్నాను, మీ స్విచ్ పాడవడం మీ అదృష్టం. అదే రకం కొత్తది తెచ్చి బిగిస్తే మూలుగు పోతుంది, కరెంట్ పోయి వచ్చినప్పుడు దానంతటదే తిరిగే రోగం అలాగే ఉంటుంది. కాంటాక్టర్ (కాయిల్‌కి కరెంట్ ఉన్నంతసేపే మోటార్‌కి లైన్ కలిపి ఉంచే స్విచ్), ఓవర్‌లోడ్ రిలే (కరెంట్ ఎక్కువైతే ఆపేసేది), ఆకుపచ్చ ఎరుపు బటన్లు ఉన్న డీఓఎల్ స్టార్టర్, అంటే మోటార్‌ని నేరుగా లైన్ మీదే స్టార్ట్ చేసేది, పెట్టండి. కరెంట్ పోగానే కాయిల్ వదిలేస్తుంది. తిరిగి వచ్చాక ఎవరైనా ఆకుపచ్చ బటన్ నొక్కితే తప్ప మోటార్ కదలదు. ఒక ఫేజ్ పోయినా, కరెంట్ పెరిగి రిలే వేడెక్కి ట్రిప్ చేస్తుంది. పాత రోటరీ స్విచ్ ఒక్కటే ఉన్న మెషీన్‌కి ఈ రెండు రక్షణలూ లేవు. ఆపరేటర్ నిలబడే చోట పుట్టగొడుగు తల ఎమర్జెన్సీ బటన్ కూడా ఒకటి పెట్టండి, దాని ఖరీదు ఎంతని!

రివర్స్ కావాలంటే స్టార్టర్ తర్వాత మామూలు ఫార్వర్డ్-రివర్స్ క్యామ్ స్విచ్ పెట్టుకుని, మోటార్ పూర్తిగా ఆగాకే తిప్పండి. ఏ కంపెనీదైనా సరే. పాత రంధ్రాలకి సరిపోదు అంటారు. ఒక అడాప్టర్ ప్లేట్ కొట్టుకోలేనప్పుడు మనం మెషీన్ షాప్ పెట్టుకుని ఏం లాభం?

కొనేటప్పుడు అందరూ తడబడేది కాయిల్ దగ్గర. 3 హెచ్‌పీ మోటార్ 415 వోల్టుల మీద దాదాపు 5 ఆంపియర్లు తీసుకుంటుంది, స్టార్టింగ్‌లో దానికి ఆరేడు రెట్లు. ఏసీ-3 రేటింగ్‌లో, అంటే మోటార్లకి ఇచ్చే రేటింగ్‌లో, 9 ఆంపియర్ల కాంటాక్టర్ చాలు. కానీ పాత మెషీన్లకి చాలావాటికి న్యూట్రల్ వైరు లాగి ఉండదు, మూడు ఫేజులు, ఎర్త్, అంతే. అలాంటప్పుడు 415 వోల్టుల కాయిల్ అడిగి తీసుకోండి. కొట్టువాడు చేతికందిన 240ది ఇస్తాడు, దాన్ని రెండు ఫేజుల మధ్య కలిపితే కాలిపోతుంది. రాణిగంజ్‌లో గానీ ట్రూప్ బజార్‌లో గానీ దొరుకుతాయి, కాయిల్ మీద అంకె చదివాకే డబ్బులివ్వండి.

విప్పే ముందు మెయిన్ ఆఫ్ చేసి, మూడు పింగాణీ కిట్‌క్యాట్ ఫ్యూజులూ పీకి జేబులో వేసుకోండి. బోర్డు మీద పెడితే ఎవరో ఒక మహానుభావుడు వచ్చి మళ్లీ పెట్టేస్తాడు. నియాన్ టెస్టర్‌ని నమ్మొద్దు, మల్టీమీటర్‌తో ఫేజ్‌కీ ఫేజ్‌కీ మధ్య, ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య కొలవండి. ప్రతి వైరుకీ టేప్ చుట్టి నంబర్ రాయండి, ఫోన్‌తో ఫొటో తీయండి. ఇదంతా ఎందుకంటే మన ఊళ్లో వైరింగ్ చేసిన పెద్దలు అన్నిటికీ ఒకే నల్ల వైరు వాడారు. ఎరుపు, పసుపు, నీలం రంగులు దేవుడు హోలీకే ఇచ్చాడనుకున్నారో ఏమో. ప్యానెల్ తలుపు లోపల డయాగ్రం అతికించిన ఎలక్ట్రీషియన్‌ని నేను ఇంతవరకు చూడలేదు. చేతకాకపోతే లైసెన్స్ ఉన్నవాణ్ణి పిలవండి, ఇది ఇంట్లో బల్బు మార్చడం కాదు.

ఊరికే ఆసక్తికి మా మెషీన్ నుంచి తీసేసిన పాత స్విచ్ కూడా విప్పి చూశాను. లోపల కూలెంట్, బీడు ఇనప పొడి కలిసి కాటుకలా పట్టేశాయి. రెండు కాంటాక్టుల మీద వెండి ఇంకా మెరుస్తోంది. మూడోది గుంటలు పడి, అంచు కరిగి ముత్యంలా గడ్డకట్టింది. బాగా పనిచేస్తున్నదాని పరిస్థితే అది, మీది ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఎమెరీ పేపర్‌తో రుద్ది మళ్లీ బిగించమని చెప్పేవాళ్లు దొరుకుతారు. ఆ వెండి పూత ఎంతుంటుందని రుద్దడానికి?

"ఇంత కష్టం ఎందుకు, తుక్కుకి అమ్మేసి లోన్ మీద కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ మెషీన్ తీసుకోండి" అని కూడా ఎవరో ఒకరు అంటారు. మా పక్క షెడ్ ఆయన తీసుకున్నాడు. ఒక్క కీవే కొట్టాలంటే ఇప్పటికీ షాఫ్ట్ పట్టుకుని మా దగ్గరికే వస్తాడు.

కనెక్షన్ అయ్యాక కట్టర్ తీసేసి, ఒక్క క్షణం ఆన్ చేసి స్పిండిల్ ఎటు తిరుగుతోందో చూడండి. ఉల్టా తిరిగితే ఏవైనా రెండు ఫేజులు మార్చుకోవడమే, అదీ మళ్లీ ఫ్యూజులు పీకాకే. మోటార్ నేమ్ ప్లేట్ ఫొటో ఇక్కడ పెట్టండి, రిలే ఏ రేంజ్‌ది తీసుకోవాలో చెబుతాను.