అమ్మలూ, ముందు ఆ బార్ మూసెయ్

అమ్మలూ,

మొన్న ఫోన్‌లో నువ్వన్న మాటే ఆలోచిస్తున్నా. "గుకేశ్ మ్యాచ్ టెన్షన్ తట్టుకోలేక మధ్యలోనే వదిలేశాను బాబాయ్, అయినా సగం పైన డ్రాలే కదా" అన్నావు. మళ్లీ ప్రపంచ చెస్ చాంపియన్‌షిప్ వస్తే ఎలా చూడాలో చెప్పమన్నావు. పేపర్లో ఎత్తులు చూసి బోర్డు మీద పేర్చుకున్న రోజుల నుంచీ ఈ మ్యాచ్‌లు వదలకుండా చూస్తున్నాను కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నా, కొంచెం పొడుగైనా ఓపిగ్గా చదువు.

ముందు ఒక పని చెయ్. తెర పక్కన తెలుపూ నలుపూ పైకీ కిందికీ ఊగుతూ ఎవరిది పైచెయ్యో చెబుతుంటుందే కంప్యూటర్ అంచనా బార్, దాన్ని మూసెయ్. నీ టెన్షన్ సగం అక్కడి నుంచే వస్తోంది. అది చెప్పేది తప్పని కాదు. కానీ బోర్డు ముందు కూర్చున్న ఇద్దరికీ అది కనపడదు కదా! జవాబులు మన చేతిలో పెట్టుకుని పరీక్ష రాసేవాణ్ణి చూస్తే "ఇది కూడా రాదా వీడికి" అనిపిస్తుంది, అంతే తప్ప వాడు ఏం పడుతున్నాడో మనకు తెలియదు.

2024 డిసెంబర్ 12, సింగపూర్, గుకేశ్ మ్యాచ్‌లో చివరిదైన 14వ గేమ్. గెలిస్తే ఒక పాయింట్, డ్రా అయితే చెరి అర. ఇద్దరూ చెరి ఆరున్నర పాయింట్ల మీద ఉన్నారు, ఇది కూడా డ్రా అయితే మర్నాడు ర్యాపిడ్ టైబ్రేక్, అంటే తక్కువ టైమ్ ఉండే ఆటలతో తేల్చడం. అప్పటి ప్రపంచ చాంపియన్, చైనా ఆటగాడు డింగ్ లిరెన్‌వి తెల్లపావులు. బోర్డు దాదాపు ఖాళీ అయిపోయింది, ఇద్దరికీ ఒక్కో ఏనుగు, ఒక్కో శకటు, తెలుపుకి రెండు బంట్లు, నలుపుకి మూడు. గుకేశ్‌కి ఒక బంటు ఎక్కువున్నా జాగ్రత్తగా ఆడితే అది డ్రా అయ్యే ఆటే. 55వ ఎత్తులో డింగ్ ఏనుగులు మార్చుకుందామని తన ఏనుగుని ఎఫ్2 గడిలో పెట్టాడు. చూడ్డానికి మామూలు ఎత్తే, పావులు తగ్గితే డ్రా ఇంకా దగ్గరవుతుందనిపిస్తుంది. కానీ అతని శకటు ఏ8లో, బోర్డు మూలన ఉంది. ఏనుగులు పోయాక గుకేశ్ తన శకటుని డీ5కి తెచ్చి అదే వాలుగీత మీద ఎదురు నిలబెడితే, ఆ మూల నుంచి తప్పుకోవడానికి ఇంకో దారి లేదు, శకట్లు మార్చుకోక తప్పదు. మిగిలేది రాజులూ బంట్లే, అప్పుడా ఒక్క బంటే ఆటని గెలిపిస్తుంది.

గుకేశ్‌కి కూడా వెంటనే కనపడలేదు. ఇంకో ఎత్తు వెయ్యబోయి ఆగానని తర్వాత అతనే చెప్పాడు. బార్ చూస్తున్నవాళ్లకి క్షణంలో అంతా తెలిసిపోయింది. బార్ మూసుకుని చూసినవాళ్లకి మాత్రం ఆ కుర్రాడి ముఖంలో తెలిసింది, కళ్లు పెద్దవై, నవ్వు వచ్చి, దాన్ని ఆపుకుని, మళ్లీ బోర్డు మీదికి వంగి సరిచూసుకోవడం. 58 ఎత్తులకి ఆట ముగిసింది, స్కోరు ఏడున్నర - ఆరున్నర. 18 ఏళ్లకే ప్రపంచ చాంపియన్. ఏడుస్తూనే పావులన్నీ మళ్లీ మొదటి గళ్లలో పేర్చాడు, అది చూసి నా కళ్లలోనూ నీళ్లు తిరిగాయి. ఆరోజు డింగ్‌ని తిట్టినవాళ్లని చూస్తే మాత్రం నాకు చాలా బాధేసింది. మూడు వారాలు ఆ కుర్చీలో కూర్చున్న మనిషి అతను.

బార్ మూశాక ఏం చూడాలంటావా, గడియారాలు చూడు. ఆ మ్యాచ్‌లో మొదటి 40 ఎత్తులకి ఒక్కొక్కరికి రెండు గంటలు, ఎత్తుకి ఇన్ని సెకన్లని కలిసేది అప్పటిదాకా ఏమీ లేదు, 41వ ఎత్తు నుంచే ఎత్తుకి 30 సెకన్లు కలిసేవి. అందుకే 30వ ఎత్తు దాటాక ఎవరి దగ్గర ఎన్ని నిమిషాలున్నాయో చూస్తే సగం కథ నీకే అర్థమవుతుంది. మూడో గేమ్‌లో డింగ్‌కి 37వ ఎత్తు దగ్గరే టైమ్ అయిపోయి ఓడిపోయాడు. మొదట్లో చకచకా వేసే ఎత్తులు ఇంటి దగ్గర తయారు చేసుకొచ్చినవి, వాటి దగ్గర ఆగకు. టకటకా ఆడుతున్నవాడు ఉన్నట్టుండి అరగంట కదలకుండా కూర్చున్నాడా, అసలు ఆట అక్కడ మొదలైందని గుర్తు. అప్పుడు నీ చిన్న బోర్డు తెచ్చి పక్కన పెట్టుకుని, వాళ్లు వెయ్యకముందే నీకు తోచిన ఎత్తు కాగితం మీద రాయి. తప్పయినా ఫర్వాలేదు, రాసి చూసిన ఎత్తు ఏళ్ల తరబడి గుర్తుంటుంది.

ఇక డ్రాల సంగతి. నాలుగు నుంచి పది దాకా వరసగా ఏడు డ్రాలు, నువ్వు వదిలేసింది అక్కడే. ఆరో గేమ్‌లో ఎత్తులు రిపీట్ చేసి డ్రా చేసుకునే అవకాశం వస్తే, పొజిషన్ అంత బాగా లేకపోయినా గుకేశ్ కాదని ఆడాడు. ఏడో గేమ్ 72 ఎత్తులు, అందులో డింగ్ ఓటమి అంచు దాకా వెళ్లి తప్పించుకున్నాడు. ఫలితం ఒక్కటే చూస్తే అన్నీ అర పాయింట్లే, లోపలికి వెళ్తే ఒక్కటీ ఇంకోదానిలా ఉండదు. 1984లో మాస్కోలో కార్పోవ్, కాస్పరోవ్ మ్యాచ్‌లో వరసగా 17 డ్రాలు, మొత్తం 48 గేముల్లో 40 డ్రాలు. రోజూ పేపర్ తీసి "డ్రా" అన్న మాట చదివేవాణ్ణి, అయినా మర్నాటి పేపర్ కోసం చూసేవాణ్ణి. ఆ మ్యాచ్‌లో డ్రాలు లెక్కలోకి రావు, గెలుపులే లెక్క. అలా 5-0తో వెనకబడ్డ కాస్పరోవ్ 5-3 దాకా వచ్చేసరికి, 1985 ఫిబ్రవరిలో మ్యాచ్ తేలకుండానే ఆపేశారు.

ఒక ఓటమి చూసి "అయిపోయింది" అని లేచిపోకు. 11వ గేమ్‌లో డింగ్ 28వ ఎత్తులో మంత్రిని తప్పు గడిలో పెట్టి, మరుక్షణం ఓడిపోయాడు. రెస్ట్ డే కూడా లేదు, మర్నాడే 12వ గేమ్. అదే మనిషి వచ్చి ఈ మ్యాచ్‌లోకెల్లా తన గొప్ప ఆట ఆడి గెలిచి 6-6 చేశాడు. నేను మళ్లీ మళ్లీ పేర్చుకునేది ఆ గేమే.

మనవాళ్లు ఆడుతుంటే ఇదంతా కష్టమే, నాకూ తెలుసు. గుకేశ్ ఇంట్లో తెలుగే, మనవాడే అనిపిస్తుంది. 2025 జులైలో జార్జియాలోని బాటుమిలో మహిళల ప్రపంచ కప్ ఫైనల్లో కోనేరు హంపి, దివ్యా దేశ్‌ముఖ్ ఆడినప్పుడు మొదటి రెండు క్లాసికల్ (ఎక్కువ టైమ్ ఉండే) గేములూ డ్రా, ర్యాపిడ్‌లో మొదటిదీ డ్రా. రెండో ర్యాపిడ్‌లో హంపి టైమ్ కరిగిపోతుంటే నేను లేచి నిలబడ్డాను, చేతులు వణికాయి. హంపి ఓడింది. 38 ఏళ్ల మనిషి, 19 ఏళ్ల అమ్మాయితో అంతదాకా పోరాడింది. మనవాళ్ల మీద ప్రేమ ఉంచుకో, కానీ ప్రతి ఎత్తూ అవతలివాళ్ల కుర్చీలోంచి కూడా ఒకసారి చూడు, అప్పుడు భయం తగ్గి ఆట కనపడుతుంది.

ఈ ఆదివారం నువ్వు మధ్యలో వదిలేసిన ఏడో గేమ్ తీసుకో. బార్ లేకుండా, బోర్డు పక్కన పెట్టుకుని 40వ ఎత్తు దాకా వెళ్లి ఆగు. ఆ పైన డింగ్ ఎలా తప్పించుకోగలడో నీకు తోచింది రాసి నాకు పంపు. నేనూ విడిగా రాసి పెడతాను.

మీ బాబాయి