సర్వర్‌లో తయారైన పీడీఎఫ్ పేజీలో కనిపించకుండా డౌన్‌లోడ్ అయిపోతోంది, ఎందుకు?

చాలాసార్లు లోపం మీ పేజీలో ఉండదు, సర్వర్ పంపే హెడర్లలో (ఫైలును ఏం చేయాలో బ్రౌజర్‌కు చెప్పే వరుసల్లో) ఉంటుంది. 'కంటెంట్-డిస్పోజిషన్' విలువ 'అటాచ్‌మెంట్' అయితే బ్రౌజర్ ఫైలును దించుకుంటుంది. దాన్ని 'ఇన్‌లైన్' చేయండి. 'కంటెంట్-టైప్' కూడా 'అప్లికేషన్/పీడీఎఫ్' అయి ఉండాలి. ఎక్కడి నుంచో తెచ్చి అతికించిన కోడ్ అయితే మొదట అనుమానించాల్సింది ఈ రెండు వరుసలనే. ఆపైన ఐఫ్రేమ్‌కు (పేజీలో మరో పత్రాన్ని చూపే చట్రానికి) పీడీఎఫ్ చిరునామా ఇస్తే చాలు.

ఫ్రేమ్ ఖాళీగా కనిపిస్తోందా? ఫ్రేమ్‌లో చూపవచ్చో లేదో చెప్పే 'ఎక్స్-ఫ్రేమ్-ఆప్షన్స్' హెడర్ విలువ 'డినై' అని ఉందేమో చూడండి. పేజీ, పత్రం ఒకే సైట్‌వైతే 'సేమ్‌ఆరిజిన్' సరిపోతుంది. ఐఫ్రేమ్‌కు 'శాండ్‌బాక్స్' అనే భద్రతా పరిమితి పెట్టినా క్రోమ్ పీడీఎఫ్ చూపించదు.

పత్రం కోసం ఫారం వివరాలో, లాగిన్ టోకెనో పంపాల్సి వస్తే నేరుగా చిరునామా ఇవ్వడం కుదరదు. అప్పుడు జావాస్క్రిప్ట్‌లో 'ఫెచ్'తో తెప్పించి, బ్లాబ్‌గా (బ్రౌజర్ మెమరీలో ఉండే ఫైలు డేటాగా) మార్చి, దానికి తాత్కాలిక యూఆర్‌ఎల్ సృష్టించి ఐఫ్రేమ్‌కు ఇవ్వండి. పని అయ్యాక ఆ యూఆర్‌ఎల్‌ను రద్దు చేయకపోతే పేజీ తెరిచి ఉన్నంతసేపూ ఆ మెమరీ ఖాళీ కాదు. కొందరు బేస్64 డేటా యూఆర్‌ఎల్ (ఫైలు మొత్తాన్ని అక్షరాలుగా మార్చి చిరునామాలోనే ఇరికించడం) వాడమంటారు. నేను వద్దంటాను: పరిమాణం దాదాపు 33 శాతం పెరుగుతుంది, పెద్ద పత్రాలకు బ్రౌజర్లు మొరాయిస్తాయి.

ఇంత చేసినా ఆండ్రాయిడ్ ఫోన్లలో ఐఫ్రేమ్‌ను నమ్ముకోలేం. మొబైల్ వాడుకరులు ఎక్కువైతే మొజిల్లా వారి జావాస్క్రిప్ట్ లైబ్రరీ పీడీఎఫ్.జేఎస్ మేలు, అది పుటలను కాన్వాస్ (పేజీలో బొమ్మలు గీసే చోటు) మీద తానే గీస్తుంది. ఏ పద్ధతైనా పక్కనే ఒక డౌన్‌లోడ్ లింకు ఉంచండి.