ముందే కురిసి కూర్చున్న నీరు

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో, న్యూజెర్సీలో ఉంటాడు. రెండు రోజులు మంచు కురిసి, ఆ వెంటనే అది వానగా మారిందనీ, పెద్ద వాన కాకపోయినా వీధిలో మోకాలి లోతు నీరు నిలిచి నేలమాళిగలోకి దిగిందనీ ఫోనులో చెప్పాడు. మాకు కార్తీకంలో వాయుగుండం పట్టి రాత్రంతా కుండపోతగా కురిస్తే గాని వీధి మునగదు. అంత చిన్న వానకు అక్కడి మంచంతా కరిగిపోయిందా?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: మీ అబ్బాయి చూసింది ఒక్క వాన నీరు కాదు, అంతకు ముందే కురిసి, ఎటూ పారకుండా వీధిలోనే ఉండిపోయిన నీరు కూడా అందులో కలిసింది. కొత్త మంచు 30 సెంటీమీటర్ల మందాన పడితే అందులో సుమారు 3 సెంటీమీటర్ల వాన దాగి ఉన్నట్టే, అంటే 100 చదరపు మీటర్ల స్థలంలో దాదాపు 3,000 లీటర్లు.

అయితే దాన్ని కరిగించింది వాన అనుకోవడం పూర్తిగా సరికాదు. గ్రాము మంచు కరగడానికి 80 కెలోరీల వేడి కావాలి. 10 డిగ్రీల వాన నీరు లీటరు పడినా, అది సున్నా డిగ్రీలకు చల్లబడేలోగా కరిగేది 125 గ్రాముల మంచే. అసలు పని వానతో పాటు వచ్చే తేమ గాలిది. ఫ్రిజ్‌లోంచి తీసిన చెంబుకు చెమ్మ పట్టినట్టు ఆ గాలిలోని ఆవిరి మంచు మీద నీరవుతుంది, అలా నీరైన ప్రతి గ్రామూ సుమారు 600 కెలోరీలు విడిచి ఏడు గ్రాములకు పైగా మంచును కరిగిస్తుంది.

రొయ్యల పట్టుబడి నాడు టబ్బులో పొడి చేసిన ఐసు మీద నీళ్లు పోయడం మీ ప్రాంతంలో చూసే ఉంటారు. మొదటి చెంబుడు నీళ్లు ఐసులోనే ఇంకిపోతాయి, ఇక పట్టదనుకున్నాక పోసినదంతా అడుగునుంచి కారిపోతుంది. మంచూ అంతే, వాన మొదట్లో ఏమీ కానట్టే ఉండి, తరువాత ఒక్కసారిగా వదిలేస్తుంది. గడ్డకట్టిన నేల ఆ నీటిని పీల్చుకోదు. రోడ్డు మీది మంచును యంత్రాలు అంచులకు నెట్టి గుట్టలు పోస్తాయి కాబట్టి, కాలువ జాలీలు సరిగ్గా ఆ గుట్టల కిందే పూడిపోతాయి. నెల్లూరులో రైలు పట్టాల కింది అండర్‌బ్రిడ్జిలు చిన్న వానకే నిండడం చూసినవారికి, నీరు పోయే దారి ఎంత ముఖ్యమో వేరే చెప్పనక్కర లేదు.

ఇది నదుల వరకూ పోతే మరీ ప్రమాదం. 1996 జనవరి 6 నుంచి 8 వరకు అమెరికా తూర్పు తీరంలో కురిసిన భారీ మంచు, 19, 20 తేదీల వెచ్చటి గాలికీ వానకూ కరగడంతో సస్క్వెహన్నా నది పొంగి, హారిస్‌బర్గ్‌లోని పాత వాల్నట్ వీధి వంతెనలో కొంత భాగం మంచుగడ్డల తాకిడికి కొట్టుకుపోయింది.

మంచు వానగా మారుతుందని వాతావరణ సూచన వినగానే, ఇంటి ముందు కాలువ జాలీ ఎక్కడుందో చూసి దాని మీది మంచును తవ్వి తీయమనీ, నేలమాళిగ గోడలను ఆనుకుని ఉన్న మంచును దూరంగా నెట్టమనీ మీ అబ్బాయికి చెప్పండి. ఈ పని వాన మొదలవకముందే కావాలి, ఎందుకంటే నీటిలో నానిన మంచు పారకు మోయలేనంత బరువెక్కుతుంది, రాత్రి చలికి మళ్లీ గడ్డకడితే పార దిగనే దిగదు.